బతికున్న తల్లి పిల్ల

మాది కోస్గి దిక్కు. గొర్లు కాసుకొని, ఉన్ని వడికి, గొంగళ్లు నేసుకొని బతికేటోళ్లం. ఎండకాలమొస్తె మా ఊరి కాడ గడ్డిపోస ఉండదు. గప్పుడు మందను తోలుకొని మక్తల్ మీదుంగ కృష్ణ ఒడ్డుకు పోతుంటిమి. తొవ్వ పొంటి రైతుల చెలకలల్ల మందను పండవెడ్తె ఎరువైతదని వాళ్లే జొన్నలిస్తుండిరి. గట్ల ఆగుకుంట, పండుకుంట, ముచ్చట్లు పెట్టుకుంట పోయేది. దాంట్ల భయమేముంటది చెప్పుండ్రి? నాకైతె ఇంట్ల ఉన్నదానికంటె గదే మంచిగనిపిస్తుండె. పొద్దుగాల మంద కాడికెల్లి ఒక వాసనొస్తది. పాలు, పెంట, మంచుకు తడిసిన ఉన్ని, అన్ని కలిసిన వాసన. గది నాకు ఇప్పటికి సుత ఇష్టమే.

నేను చెప్పేది హైదరాబాదు రాజ్యం ఇండియాల కలిసిన నాలుగైదేండ్లకు. నా పెనిమిటి పాము కుట్టి పోతె నేను పుట్టింటికొచ్చి ఉంటున్న. మకాంల మేం నలుగురం. మా అమ్మ గుర్వమ్మ, మా అన్న బీరన్న, మా వదిన గోపమ్మ, నేను. ఐదోది వదిన ఒళ్ళె ఉన్న పసిది. తొవ్వలనే, ఒక తుమ్మచెట్టు కింద పుట్టింది. శ్రీశైలం మొక్కు ఉండెనని మా అన్న ఆ పిల్లకు పర్వతాలు అని పేరు పెట్టిండు.

మా వదినకు నోరెక్కువ. మా అమ్మను సుత ఇడిసిపెట్టకపోతుండె. పసిదాని ముక్కు అచ్చం నా ముక్కే అని అమ్మ మురిసిపోతుంటె, "గంత ముక్కు నా బిడ్డకెందుకత్తా, గొంగడి తగిలించుకోనీకా" అన్నది. మా అమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నది. గట్లుండె ఇద్దరి ముచ్చట. అత్తాకోడండ్లంటె ఎవ్వరు నమ్మకపోతుండిరి.

మక్తల్ దాటినంక గుట్టల కింద ఒక చెలకల దిగినం, ఆ చెలక ఆసామి ఉండనీకి తన గుడిసె ఇచ్చిండు. ఆడ వదినకు జ్వరమొచ్చింది. బాలింత జ్వరం. ముందుగాల చలి, తర్వాత పేలాలు ఏగేటంత ఎచ్చ. రెండు దినాలకే పాలు ఎండిపోయినయి. పసిది రొమ్ము పట్టి గుంజుతది, ఏడుస్తది, మల్ల గుంజుతది. ఆ యేడు కరువు. గొర్ల పొదుగులు ఎండిన తిత్తుల లెక్కున్నయి. మేకపాలు గుడ్డల ముంచి పెడ్తె పసిది కక్కేస్తాంది. పక్క ఊర్ల పాలిచ్చే తల్లి ఎవరన్న ఉన్నదా అని నేను ఇల్లిల్లు తిరిగిన. ఎవ్వరు లేరు. మా అన్న ఆసామి కాడ బండి కిరాయికి తీసుకొని డాక్టర్ను తోలుకొస్తనని మక్తల్ పోయిండు.

పొద్దు వాలుతుంటె అమ్మ నన్ను గుడిసె బయటికి పిలిచింది.

"మీ వదిన తెల్లారేదాక ఉండదే," అన్నది.

అన్న డాక్టర్ను తెస్తడు గదా అన్న నేను. అమ్మ తల అడ్డంగ ఊపింది. వదిన నోటి కాడ వాసన పట్టిందట. గొర్రె పోయే ముందుగాల వచ్చే వాసనే వస్తాందట. బతుకంత గొర్లతోటి ఉన్న మనిషి, ఆమె చెప్పింది తప్పైతదని నేను అనుకోలే.

"అది పోతది. పాలు లేక ఇది సుత పోతది. ఇద్దరిని ఒకే గుంతల పెట్టమంటవా," అన్నది.

ఈడ మీకు ఒకటి చెప్పాలె, లేకుంటె అమ్మ ఏం చేసిందో సమజ్ గాదు. మా దాంట్ల పిల్లను కలుపుడు అని ఉంటది. తల్లి సచ్చిన గొర్రెపిల్ల ఉంటది, పిల్ల సచ్చిన గొర్రె ఉంటది. దీన్ని తీస్కపోయి దానికి కలుపుతం. గొర్రె కండ్లతోటి గుర్తుపట్టదు, వాసనతోటి పడ్తది. అందుకని సచ్చిన పిల్ల తోలు తీసి బతికిన పిల్ల మీద కప్పుతం. లేకుంటె ఆ గొర్రె ఒంటి తడి తీసి పిల్ల ఈపుకు రుద్దుతం. రుద్ది, ఇడిసిపెట్టి, మనం అటు మొఖం తిప్పుకోవాలె. మనిషి సూస్తుంటె గొర్రె బెదురుతది. కొంచెం సేపటికి అది వాసన చూసి గొంతుల ఒక తీరు గురగురమంటది, మూతి మూస్కొని. గా సప్పుడు పిల్లకోసమే చేస్తది, ఇంక దేనికీ చెయ్యదు. గా సప్పుడు ఇనవడ్డదంటె కలిసినట్టే. ఇగ లోకం తలకిందులైనా ఆ పిల్ల దానిదే.

దానికొక్కటే కట్టుబాటు. బతికున్న తల్లి పిల్లను కలుపొద్దు. కలిపితె ఒక పిల్లకు ఇద్దరు తల్లులైతరు. ఒకటి గుంజుతది, ఇంకోటి కుమ్ముతది. నడుమ పిల్ల ఏమైతదో నేను చిన్నప్పుడు ఒకసారి సూశిన. అది చెప్ప.

ఆ గుట్టలల్ల ఎర్రసందు అని ఒక జాగా ఉంది. రెండు గుట్టల నడుమ చీలిక, అడుగున ఎండిన వాగు, ఇసుక. లోపట బండల మీద జాజు రంగుతోటి బొమ్మలున్నయి. ఎవరు గీసిండ్రో ఎవ్వరికి ఎర్కలేదు. మా తాతల తాతలకు సుత ఎర్కలేదు. గొర్లోళ్లం మాత్రం ఒకటి చేస్తుంటిమి. పిల్ల సచ్చిన గొర్రె పాలను మేం తాగం. పిండి తీస్కపోయి ఎర్రసందు మొదట్ల బండ కాడ పోసొస్తం. ఎందుకంటె లోపట ఒకామె ఉందంటరు. ఆమె పిల్ల తొవ్వల పోయిందట. ఆమె లేవనన్నదట. ఆమె మంద, ఆమె మనుషులు, ఇడిసి ముందుకు పోయిండ్రట. గది మాకు తెల్సిన కథ.

ఆసామి ముసలితల్లిని వదిన కాడ కూసోబెట్టినం. అమ్మ పసిదాన్ని గొంగడిల చుట్టింది. నేను ఆముదంల ముంచిన గుడ్డ కట్టెకు చుట్టి దివిటీ పట్టుకున్న. పొద్దు ఇంక ఉంది గాని గాలిదుమారం లేసి ఆకాశమంత పసుపుపచ్చగై, అటెంక మట్టి రంగుకు తిరిగింది. మేం సందుల అడుగుపెట్టంగనె గాలి సప్పుడు ఆగిపోయింది. ఎనుకకెల్లి ఎవరో తలుపు మూసినట్టు.

లోపట సల్లగుండె. ఎండకాలంల గంత సల్లగ ఎందుకుంటదో. గబ్బిలాల వాసన, తేనెపట్ల వాసన, వాటి కింద ఇంకోటి ఏదో. కాళ్ల కింద ఇసుక మెత్తగున్నది, అడుగు సప్పుడే రాలే. పసిది ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, పిల్లి పిల్ల లెక్క కీచుమంటాంది. ఆ కీచు బండలకు తగిలి మల్ల మా కాడికే ఒస్తాంది, జర ఆలిశంగ.

నేను దివిటీ ఎత్తిన. బొమ్మలు కనవడ్డయి.

ముందుగాల జింకలు. మెడలు తిప్పి ఎనుకకు సూసుకుంట ఉరుకుతున్నయి. వాటి మీద మూపురాల ఎద్దులు, కొమ్ములు ఇంతింత పొడుగు. చేతులు చేతులు పట్టుకున్న మనుషులు, వాళ్లకు మొఖాలు లేవు. గొర్లు సుత ఉన్నయి, మా గొర్ల లెక్కనే, చెవులు వేలాడుకుంట. గాటిని సూస్తె నాకు జర ధైర్యమొచ్చింది. ఎవరైతెనేమి, మా అసొంటోళ్లే అనుకున్న. అటెంక చేతి ముద్రలు. ఒక బండ నిండ చేతులు. పెద్దయి, చిన్నయి. ఒక దానిమీద నా చెయ్యి పెట్టి సూశిన. సరిగ్గ సరిపోయింది. బండ సల్లగ లేదు. జల్ది తీసేసిన.

కొంచెం దూరం పోయినంక నాకు ఒకటి సమజైంది. జింకలు, ఎద్దులు, మనుషులు, గొర్లు... అన్ని బయటి దిక్కే పోతున్నయి. ఒక్క బొమ్మ సుత లోపటి దిక్కు మొఖం పెట్టి లేదు. మేమిద్దరమే లోపటికి పోతున్నం.

"అమ్మా, ఎనుకకు పోదాం," అన్న.

అమ్మ ఇననట్టే నడిచింది.

సందు సివర ఒక దొన ఉంది, బండల నడుమ నీళ్ల గుంత. కరువు యేడు సుత దాంట్ల నీళ్లున్నయి. దొన మీదికి ఒక పెద్ద బండ పాము పడగ లెక్క వంగి ఉంది. దాని కింద కూసోరాదు. పండుకొని పాకాలె. పాకి, ఎల్లెలుకల పండుకొని, దివిటీ మీదికెత్తితె... మొఖానికి మూరెడు దూరంల ఆమె.

కాళ్లు సాపి కూసున్నది. చేతులు రెండు ముందుకు వంచి ఉన్నయి, పిల్లను పట్టుకున్నట్టు. ఒళ్ళె ఏం లేదు. ఉత్త బండ. రొమ్ముల కాడికెల్లి సన్నసన్న ఎర్ర గీతలు కిందికి కారినట్టు గీసి ఉన్నయి. అన్ని బొమ్మలు పోతున్నయి గదా, ఆమె ఒక్కతే కూసున్నది. మొఖం ఉందా లేదా అని సూద్దామనుకున్న. సూడలే.

అమ్మ దొనల చెయ్యి ముంచి ఆమె ఒళ్ళె రుద్దింది. ఎన్ని వానలు కొట్టినా పోని రంగు అది. ఎంత గీకినా రాదంటరు. అమ్మ చేతికి తడితడిగ, ఎచ్చగ, ఎర్రగ ఒచ్చింది. దాన్ని పసిదాని ఈపుకు రుద్దింది, నెత్తికి రుద్దింది, మెడ కింద రుద్దింది. రుద్దుకుంట ఏడుస్తాంది. గొంగడి పరిచి పిల్లను ఆమె కింద పండవెట్టింది.

"రా. అటు తిరిగి కూసో," అన్నది నాతోటి.

బండ బయట ఇద్దరం ఈపులు తిప్పి కూసున్నం. దివిటీ ఆర్పేసింది. పసిది కీచుమంటాంది. నాకు పానమంత ఎనుక దిక్కే ఉన్నది. తిరుగుదామంటె మెడ రాలే. అమ్మ నా చెయ్యి పట్టుకున్నది, వేళ్లు ఇరుగుతయేమో అన్నంత గట్టిగ.

కీచు ఆగింది.

ఆగినంక... ఏం లేదు. శానసేపు ఏం లేదు. అటెంక ఒక వాసనొచ్చింది. జున్నుపాల వాసన. ఈనిన దినం పాలు ఎట్లుంటయో గట్ల. గంత చిక్కని వాసన నేనెప్పుడు సూడలే. తర్వాత గుటకలు. చిన్నచిన్న గుటకలు. ఆకలిగొన్న పిల్ల ఊపిరి తీస్కోకుంట మింగినట్టు.

అటెంక గురగురమన్నది.

గొర్రె గాదు. గొర్రె గొంతు నాకు తెల్వదా. మనిషి... మూతి మూస్కొని, గొంతుల, మెల్లగ. అమ్మ ఒంగి మొకాళ్లల్ల మొఖం పెట్టుకున్నది. "కలిసింది," అన్నది.

దివిటీ మల్ల ముట్టిచ్చి పిల్లను తీసుకున్నప్పుడు అది నిద్రపోతాంది. కడుపు డప్పు లెక్కున్నది. మూతికి పాలు అంటి ఉన్నయి. అమ్మ కొంగుతోటి తుడిచి, కొంగు ముక్కు కాడ పెట్టుకొని వాసన సూసింది. ఎట్ల పోయినమో గట్లనే ఎనుకకొచ్చినం. ఈసారి బొమ్మల తోటి కలిసి బయటికి నడిచినం. ఎనుక నుంచి ఎవ్వరు రాలే. రాలేదని నేను పదిసార్లు సూసుకున్న.

తెల్లారింది. మా వదినకు చెమటలు పట్టినయి. గొంగడంత తడిసిపోయింది. కండ్లు తెరిచి, "ఆకలైతాంది, ఈ ఇంట్ల కోడలికి ఇంత గట్క పెట్టేటోళ్లు ఎవరన్న ఉన్నరా, నన్ను అప్పుడే పూడ్సిండ్రా," అన్నది.

నేను నవ్విన, ఏడ్సిన. మా అన్న డాక్టర్ను తోలుకొచ్చేసరికి ఆమె గోడకానుకొని కూసున్నది. డాక్టర్ నాడి పట్టి, మందిచ్చి, గండం గడిచింది అన్నడు. అందరం సంబురపడ్డం. అమ్మ మాత్రం కనవడలే. ఎతికితె మంద నడుమ, గొర్ల మధ్యల కూలవడి ఉన్నది. నేను పోతె నా మొఖం సూసి, "బతికున్న తల్లి పిల్లను కలిపిన గదనే," అన్నది.

వదినకు పాలు తిరిగొచ్చినయి. కాని పర్వతాలు మూతి పెట్టలే. రొమ్ము కాడికి తెస్తె మొఖం అటు తిప్పుతది. ఏడ్వదు, అలగదు, ఉత్తగ తిప్పుతది, ఎవరో పరాయామె ఎత్తుకున్నట్టు. అట్లని చిక్కిపోతలేదు. బుగ్గలొచ్చినయి, తొడలకు మడతలొచ్చినయి. ఏం తినని పిల్ల ఎట్ల పెరుగుతాందని వదిన పరేషాన్. ఆమెకేమో రొమ్ములు రాళ్ల లెక్క గట్టిపడి, నొస్తె ఓర్వలేక పాలు నేల మీద పిండుకునేది. పిండుకుంట ఏడ్చేది. గంత నోరున్న మనిషి సప్పుడు చెయ్యకుంట ఏడ్చేది.

ఒక మాపటిలి మంద మలిపి ఒచ్చినంక ముగ్గురం గుడిసెల ఉన్నం. పిల్ల చాప మీద ఎల్లెలుకల పండుకున్నది. ఆడుకునేది ఆడుకుంటనే ఆగింది. కండ్లు మీదికి పెట్టింది. మూతి తెరిచింది. గొంతు కదిలింది... గుటక. మల్ల గుటక. దాని మీద ఎవ్వరు లేరు. నేను సూస్తున్న, ఎవ్వరు లేరు. దాని చేతులు గాలిల దేన్నో పట్టుకొని పిసుకుతున్నయి. మూతి పక్కకెల్లి పాలు కారి చెవి కిందికి పోయినయి.

వదిన అరవలే. అటే సూసుకుంట, "ఏం చేసినవత్తా," అన్నది.

అమ్మ అంత చెప్పింది. ఏం దాచలే.

"నేను సచ్చిపోతననుకున్నవా?"

"అనుకున్న బిడ్డా."

వదిన పిల్ల చెవి కింద పాలు కొంగుతోటి తుడిచింది. అటెంక లేసి అమ్మ కాడికి పోయి కూసున్నది. "నేనైనా గదే చేస్తుంటి," అన్నది.

ముందుగాల మంద లేపి దూరం పోయినం. గొర్లకైతె గదే చేస్తం, ఒక తల్లి గొంతు ఇనరానంత దూరం తోలుతం. కృష్ణ దాటినం. దూరం పోయినకొద్ది పిల్ల వాడిపోయింది. పెదవులు ఎండినయి, ఏడుపు సుత ఎండిపోయింది. ఇంకో రెండు మజిలీలు పోతె మన్నుల పెట్టాల్సిందే. మా అన్న మందను మలిపిండు. ఎనుకకు అడుగులేసినకొద్ది పిల్ల తేరుకున్నది.

ఎర్రసందు మొదట్ల అన్న, అమ్మ ఆగిపోయిండ్రు. వదిన నన్ను రమ్మన్నది. మిట్టమధ్యాహ్నం. బయట బండలు కాలుతున్నయి. లోపట గదే సల్లదనం, గదే మెత్తటి ఇసుక. చేతుల బండ కాడ వదిన ఒక్క గడియ నిలవడి, చిన్న చేతులను సూసింది. "ఇంతమంది పిల్లలు," అన్నది.

దొనల పిల్లను కడిగింది. ఉప్పుతోటి రుద్ది కడిగింది. ఈపు మీది ఎరుపు నీళ్లల్ల దారాల లెక్క పోయింది గాని, చర్మం మీద తగ్గలే. తన పాలు పిండి పిల్ల ఒళ్లంత రాసింది. రాసి పిల్లను ఎత్తుకొని పడగ కిందికి పాకింది. నేను బయట ఈపు తిప్పి కూసున్న. ఈసారి చెయ్యి పట్టుకోనీకి ఎవ్వరు లేరు.

ముందుగాల వదిన ఊపిరి ఇనవడ్డది. పిల్ల ఊపిరి ఇనవడ్డది.

అటెంక... ఇంకో ఊపిరి. పొడుగ్గ. బండ లోపటికెల్లి గాలి తీసినట్టు.

పిల్ల ఏడ్సింది. అటు గుంజుతున్నట్టు, ఇటు గుంజుతున్నట్టు. నాకు నా చిన్నప్పటి గొర్రెపిల్ల కండ్లల్లకొచ్చింది. జున్నుపాల వాసన, దాని మీద మా వదిన పాల వాసన, రెండు కలిసి ఒచ్చినయి. గురగుర మొదలైంది. ఒక గొంతు. దానికి అడ్డంగ ఇంకో గొంతు, అది మా వదినది. రెండు పెరుగుతున్నయి... పెరుగుతున్నయి...

ఒక్కసారిగ వదిన ఆపేసింది.

"అక్కా," అన్నది, మెల్లగ, పక్కన కూసున్నామెతోటి అన్నట్టు. "నీ తప్పు లేదక్కా. నేను సచ్చిననుకొని ఇచ్చిండ్రు. నేను బతికిన. గుంజితె ఇది ఇద్దరికీ దక్కదు. నేనున్నన్ని దినాలు నా కాడ ఉండనియ్యి. నేను పోయినంక దీనికి నువ్వే తల్లివి."

సప్పుడు లేదు. దొనల నీళ్లు సుత కదలలే.

అటెంక పిల్ల గుటక ఏసింది. మా వదిన ఏడుపందుకున్నది. పిల్లను రొమ్ముకు పట్టుకొనే మోచేతుల మీద పాక్కుంట బయటికొచ్చింది. పర్వతాలు కండ్లు మూసుకొని మా వదిన పాలు తాగుతాంది. ఈపు మీది ఎరుపు పోయింది. నేను లోపటి దిక్కు సూడలే. సూసినట్టైతె ఇయ్యాల ఇంకోటి చెప్తుంటినేమో.

గప్పటికెల్లి మా వదిన తీరు మారింది. తన పానాన్ని గాజుబుడ్డి లెక్క సూసుకునేది. వాగుల మోకాలు లోతు నీళ్లున్నా దిగకపోతుండె. కోస్గికి బస్సొచ్చినంక సుత ఎక్కలే, నడిచే పోయేది. జర తలనొస్తె చాలు, దవాఖానకు పోదాం పా అని మా అన్న పానం తీసేది. మగనికంటె ముందుగాల తాను తినేది. ఊర్లె ఆడోళ్లు బాయికాడ దెప్పుతుండిరి, గోపమ్మది బంగారు పానమని. "నాది గాదమ్మా, కిరాయికి తెచ్చుకున్న, మంచిగ సూసుకోకపోతె గుంజుకుంటరు," అనేది ఆమె. వాళ్లు నవ్వేటోళ్లు. నేను నవ్వలే.

పర్వతాలు మంచి పిల్ల. తల్లి నోరే ఒచ్చింది. మాపటిలి అప్పుడప్పుడు గుట్టల దిక్కు చెవి పెట్టి ఇన్నట్టు నిలవడేది, గంతే. మా అమ్మ కాలం చేసింది. పోయేముందు సుత వదిన చెయ్యి పట్టుకొని, నువ్వు జల్ది పోకు బిడ్డా అన్నది.

వదిన నాతోటి ఒక్కతీరుగ చెప్పేది. గొర్రెపిల్ల పెరిగి పెద్ద గొర్రెయ్యిందంటె ఏ తల్లీ దాన్ని ఎతకదు, మర్చిపోతది. ఇది పెద్దమనిషి అయ్యేదాక నేను ఆగితె చాలు, ఇగ ఆమె రాదు. గదొక్కటే ఆమె ఫికర్. పండుగ గాదు, పైస గాదు, గదొక్కటే.

అరవై అయిదు, అరవై ఆరు కరువుల ఆమెకు దగ్గు పట్టింది. గల్లల నెత్తురు పడ్డది. పాలమూరు దవాఖానకు తీస్కపోయినం, మందులిచ్చిండ్రు, సూదులేసిండ్రు. చేదుమందు మింగుకుంట ఆమె పిల్ల దిక్కే సూసేది. పిల్లకు పన్నెండు దాటినయి. ఇంక పెద్దమనిషి గాలే. వదినేమో బొక్కలగూడు అయ్యింది. ఊపిరి తీసిన ప్రతిసారి నేను ఇదే ఆఖరుదనుకునేది. కాదు, ఇంకోటి తీసేది. గట్ల పానం ఉగ్గబట్టుకున్న మనిషిని నేను మల్ల సూడలే.

ఒక దినం పొద్దుగాల పర్వతాలు నా కాడికొచ్చి చెవుల చెప్పింది. పిల్లను అటు అర్రల ఉంచి నేను ఉరికిన.

"వదినా, నీ బిడ్డ పెద్దమనిషయ్యింది."

"నిజంగనా? నా మీద ఒట్టేసి చెప్పు."

ఒట్టేసిన. లేపి కూసోబెట్టమన్నది. అప్పటికే పిల్లను మూలకు తాటాకుల చాప మీద కూసోబెట్టినం, ఎవ్వరు ముట్టొద్దు గదా. తల్లి ఈ అర్రల, బిడ్డ ఆ అర్రల, నడుమ దర్వాజ. వదిన దర్వాజలకెల్లి బిడ్డను కడుపునిండ సూసుకున్నది.

"ఇగ దానికి తల్లి అక్కెర లేదు," అన్నది. "ఆమె గాని, నేను గాని."

పొద్దుగూకకముందే పోయింది. మొఖం మీద అంత నిమ్మలం, ఆమె ఒయసుల ఉన్నప్పుడు సుత నేను సూడలే.

పర్వతాలు మూలకెల్లి లేవరాదు, తల్లిని ముట్టరాదు. శవాన్ని దర్వాజ ముంగట ఒక్క గడియ దించిండ్రు. ఆ పిల్ల దూరంకెల్లే సూసింది. నెత్తి ఇరబోసుకొని, చేతులు ఒళ్ళె పెట్టుకొని. నాకు ఆ దినం తల్లికంటె పిల్లను సూసే ఎక్కువ ఏడుపొచ్చింది. దగ్గరికి తీసుకుందామంటె ముట్టరాదు. నెత్తి దువ్వుదామంటె ముట్టరాదు. ఎర్రసందు కథ మాత్రం ఒడిసిపోయిందనుకున్న. వదిన గెలిచిందనుకున్న.

మూడొద్దుల నాడు ఇంటిల్లిపాది సమాధి కాడికి పాలు పోయనీకి పోయినం. పిల్ల ఒక్కతే ఉన్నదని నేనే బయటికెల్లి గొళ్లెం పెట్టిన. ఒచ్చేసరికి పొద్దు ఇంక గుంకలే. గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉన్నది. నేనే తీసిన.

పర్వతాలు మూలకు, చాప మీదనే కూసోని ఉన్నది. మొఖం కడిగినట్టు తేటగున్నది. మూడు దినాల కాడికెల్లి ఇరబోసుకొని, దుమ్ముపట్టి, జడలుకట్టిన నెత్తి... నున్నగ దువ్వి ఉన్నది. రెండు జడలు.

"ఎవరేసిండ్రు బిడ్డా?"

"మెల్లగనే ఏసిండ్రత్తా. నొయ్యలే," అన్నది.

మైల అనలే, ముట్టు అనలే, ఎనుకకు పోయి కూసున్న. కుడిదిక్కు జడ మా వదినది. నాకు తెల్సు. చెవి మీది ఎంట్రుకలు బిగ్గ గుంజి, సివరకు రెండు ముడులేస్తది, పిల్ల ఏడ్సినా ఇడవదు. గట్లనే ఉన్నది.

ఎడమదిక్కుది ఏందో నాకు తెల్వలే. పుట్టినకాడికెల్లి ఉన్ని వడికిన దాన్ని, తాడు పేనినదాన్ని. ఏ అల్లికైనా చేత పట్టుకుంటె ఇప్పుతనని పేరు నాకు. ఇప్పజూసిన. చీకటి పడేదాక వేళ్లతోటి ఎతికిన. గా జడ మొదలు యాడుందో నాకు దొరకలే.